గని కలిమి, మగ్గం బతుకు

వరంగల్ పాత పేటల్లో మట్టెవాడ ఒకటి. కొత్తవాడ దర్రీ మగ్గాలకూ, స్టేషన్ రోడ్డు వ్యాపారానికీ నడుమ బతికిన పేట అది. ఈ సంవాదంలో మాట్లాడే ఇద్దరూ మట్టెవాడ వాళ్లే. బావ సింగరేణి బొగ్గు గనుల్లో ఓవర్‌మన్‌గా పనిచేసి రిటైరయ్యాడు. బామ్మర్ది డిగ్రీ కాలేజీలో అర్థశాస్త్రం చెబుతూ, ఇంటి తరఫు దర్రీల వ్యాపారం చూసుకుంటున్నాడు. వాళ్ల మధ్య నలుగుతున్న ప్రశ్న ఇది: భూమిలో సంపద దొరికి ఒక్కసారిగా సొమ్ము వచ్చిపడితే, ఆ దేశంలో బయటికి సరుకు అమ్ముకుని బతికే మిగతా పనులకు అది మేలా, చేటా?

బామ్మర్ది: బావా, సూటిగనే చెప్త. నేల కింది సొమ్ము ఒక్కసారిగ చేతికొచ్చిన దేశంల ముందుగాల దెబ్బతినేది బయటికి సరుకు పంపేటోడు. గని పక్కపొంటి చాయ్ హోటలు బాగుపడ్తది. ఇండ్లు కట్టే మేస్త్రీ బాగుపడ్తడు, ప్లాట్లు అమ్మేటోడు బాగుపడ్తడు. మగ్గం మాత్రం ఆగుతది.

బావ: అంటే మేం ఇన్నేండ్లు గనిల దిగింది ఊరికి చెడుపు చేసుడా? మా జీతాలతోటే కదా ఈ జిల్లాల దుకాణాలు నడిచినయ్, పిల్లలు చదువుకున్నరు.

బామ్మర్ది: నీ చెమటను తప్పుపడ్తలేను. సొమ్ము నడిచే తొవ్వ గురించి చెప్తున్న. నెదర్లాండ్స్ సంగతి చూడు. 1959ల గ్రోనింగెన్ ప్రాంతంల, స్లోఖ్టెరెన్ అనే ఊరి దగ్గర పెద్ద గ్యాస్ నిల్వ బయటపడ్డది. పక్క దేశాలకు అమ్మిన్రు. కొనేటోళ్లు డబ్బు కట్టాలంటే డచ్చి నాణెం గిల్డర్ కావాలె. గిల్డర్‌కు గిరాకీ పెరిగి విలువ పెరిగింది. దాంతోటి ఆ దేశపు బట్టల మిల్లుల సరుకు, ఓడలు కట్టే కార్ఖానాల సరుకు బయటోళ్లకు పిరమైంది. గ్యాస్ మీద పైసలు వస్తనే ఉన్నయ్, ఫ్యాక్టరీలు మూత పడ్తనే ఉన్నయ్. 1977ల లండన్ పత్రిక 'ది ఎకానమిస్ట్' దానికి డచ్ డిసీజ్ అని పేరు పెట్టింది.

బావ: గిల్డర్ కత నాకెందుకు? కొత్తవాడ లెక్కల చెప్పు.

బామ్మర్ది: ఒక దర్రీనే తీస్కో. బయట దేశంల కొనేటాయనకు 20 డాలర్లకు ఒప్పుకున్ననుకో. డాలరుకు 80 రూపాయలున్నప్పుడు నా చేతికి 1,600 వస్తది. నూలు, రంగు, చిలపలు అద్దినోళ్ల కూలి, కండెలు చుట్టినోళ్ల కూలి, నేసినాయన కూలి, రేవు దాకా కిరాయి అన్నీ కలిపి 1,450 అయితదనుకో. 150 మిగుల్తది. ఇప్పుడు దేశంల చమురు పడ్డది, డాలర్లు కుప్పలు వచ్చినయ్, డాలరు 64కు దిగింది. అదే దర్రీకి, అదే 20 డాలర్లకు, నాకు వచ్చేది 1,280. నూలు కొంచెం తగ్గి ఖర్చు 1,400కు దిగినా దర్రీకి 120 నష్టం. నేను నేసే తీరుల ఏ తప్పూ లేదు, నేసినాయన చేతిల ఏ లోపం లేదు. అయినా నష్టం. ధర పెంచితే కొనేటాయన ఇంకో దేశం నుంచి తెప్పిచ్చుకుంటడు. అదే కటింగ్ షాపాయనకు ఈ బాధ లేదు. ఆయనతోటి పోటీ పడేందుకు చైనా నుంచి ఎవరూ రారు.

బావ: లెక్క సక్కగనే ఉన్నది, మనకు మాత్రం అతకదు. సింగరేణి బొగ్గు ఓడెక్కదు. రామగుండం, చెల్పూరు కరెంటు ప్లాంట్లకు పోతది, సిమెంటు ఫ్యాక్టరీలకు పోతది. దాని మీద మన దేశానికి డాలర్లు వచ్చిపడుడు లేదు. ఈ దేశం చమురు బయట కొనుక్కుంటది, బొగ్గు కూడ ఇంకా బయటి నుంచి తెచ్చుకుంటది. మేం తవ్వినందుకు రూపాయి బలిసి నీ దర్రీ పిరమైందంటే ఎవరు నమ్ముతరు?

బామ్మర్ది: ఆ మాట ఒప్పుకుంట.

బావ: ఇంకొకటి ఇను. 1851ల లండన్ ఎగ్జిబిషన్ల వరంగల్ తివాచీ పెట్టిన్రని మనం గొప్పగ చెప్పుకుంటం. ఆ తివాచీ పని ఎట్ల దెబ్బతిన్నది? జైళ్లల చవకగ నేయించిన తివాచీలు వచ్చినయ్, చవక రసాయన రంగులు వచ్చినయ్. ధర కోసం నాణ్యం దిగజారింది. ఇండ్లల్ల దర్రీ పరిచే చోట ప్లాస్టిక్ చాపలు ఎట్ల వచ్చినయ్? మిషిన్ల మీద నేసిన సరుకు ఎట్ల వచ్చింది? వీటిల బొగ్గు పాత్ర ఏంది? 1934ల నిజాం కాలంల పెట్టిన ఆజంజాహి మిల్లు సంగతి చూడు. వేల మందికి అన్నం పెట్టింది. 1974ల నేషనల్ టెక్స్‌టైల్ కార్పొరేషన్ చేతికి పోయింది. పాత యంత్రాలు, పేరుకుపోయిన నష్టాలు. 2002ల మూత పడ్డది. అది సింగరేణి చేసిన పనా?

బామ్మర్ది: కాదు. మూత పడ్డ ప్రతి మిల్లుకు గనే కారణమని నేను అనను. కాని నాణెం విలువ పెరుగుడు ఒక్కటే తొవ్వ అనుకుంటే పొరపాటు. 1982ల మాక్స్ కోర్డెన్, పీటర్ నీరీ అనే ఇద్దరు ఆర్థికవేత్తలు ఈ సంగతిని విడదీసి చూపించిన్రు. ఒకటి, గని పనిమంతులను తనవైపు గుంజుకుంటది. రెండోది, గని మీద వచ్చిన పైసలు ఊర్ల ఖర్చయితయ్, ఖర్చయితే ఊర్లనే దొరికే వాటి ధర పెరుగుతది. భూమి, కిరాయి, మేస్త్రీ కూలి, బడి ఫీజు. దర్రీ ధర మాత్రం బయటి బజారు చెప్పినట్టే ఉంటది. ఖర్చు పెరుగుతది, అమ్మకం ధర పెరగదు. దీనికి వేరే నాణెం అక్కరలేదు, ఒకే రూపాయి నడిచే దేశంల ఒక జిల్లాకు కూడ పట్టొచ్చు. ఇంట్ల ఒక్కరికి కంపెనీ కొలువు దొరికితే మిగిలినోళ్ల చేతిపని మూలకు పడ్డట్టే ఇది.

బావ: మొదటి మాట చూద్దాం. గని మనుషులను గుంజుకుంటదా? 1990ల మొదట్ల సింగరేణిల లక్షకు పైగ మనుషులు ఉండె. ఇప్పుడు 40 వేల దగ్గర ఉన్నరు. బొగ్గు తగ్గిందా అంటే పెరిగింది. 2023-24ల 7 కోట్ల టన్నులు తీసిన్రు. ఓపెన్‌కాస్టు వచ్చినంక మనిషి చేసే పని డంపరు చేస్తున్నది, డ్రాగ్‌లైను చేస్తున్నది. ఇసొంటి గని కొత్తవాడ మగ్గం మీది నుంచి ఎవరిని గుంజుకుపోయింది చెప్పు? కారుణ్య నియామకాల కోసం ఏండ్లకేండ్లు ఎదురుచూసే పిల్లలే ఎక్కువ.

బామ్మర్ది: ఆ ఎదురుచూపే నా బాధ బావా. కొలువు దొరికిన పిల్లగాడు ఒక్కడు, దాని ఆశ మీద ఏ పనీ నేర్చుకోని పిల్లగాండ్లు పది మంది. గని గుంజుకునేది చేతులనే కాదు, ఆశను కూడ. అయినా నీ మాటల నిజం ఉన్నది. యంత్రాలతోటి నడిచే గనిల గుంజుడు తక్కువ, అసలు దెబ్బ రెండో తొవ్వల వస్తదని కోర్డెన్, నీరీ కూడ చెప్పిన్రు. ఖర్చు తొవ్వ. ఏటా దసరా ముంగట లాభాల వాటా వస్తది. ఎక్కడికి పోతది?

బావ: ఇంటికి పోతది. బంగారానికి పోతది. హనుమకొండల ప్లాటుకు పోతది. కష్టపడ్డోడు ఇల్లు కట్టుకుంటే తప్పా?

బామ్మర్ది: తప్పు కాదు. ఒక్కొక్కరికి అది మంచి పనే. అందరూ అదే చేస్తే ఊరికి ఏమైతదో చూడు. దర్రీకి మగ్గం గుంట ఒక్కటే సాలదు. రంగు బానలు పెట్టే చోటు కావాలె, అద్దిన చిలపలు వెదురు కట్టెల మీద ఆరేసే ఖాళీ జాగ కావాలె. ఎండ తగలాలె, దుమ్ము పడొద్దు. అసొంటి జాగ గజానికి ఇంత అని ధర పలుకుతుంటే దాని మీద చిలపలు ఆరేసేటోడు పిచ్చోడు అనిపించుకుంటడు. జాగ అమ్మితే వచ్చే పైసలకు వడ్డీ, ఆ జాగల అద్దకం చేస్తే వచ్చే లాభం పక్కపక్కన పెట్టి చూస్తడు. అమ్ముతడు. అద్దకం దూరం పోతది, కిరాయి పెరుగుతది, సరుకు ఆలస్యమైతది. ఆజంజాహి మిల్లు నేల మీద కూడ ప్లాట్లే కదా వేసిన్రు.

బావ: భూమి ధర బొగ్గు పెంచిందంటే ఒప్పుకోను. హైదరాబాదు పైసలు, సాఫ్ట్‌వేర్ జీతాలు, అమెరికాల ఉన్న పిల్లలు పంపే డాలర్లు, గల్ఫ్ పైసలు. వీటి ముంగట మా బోనస్ ఎంత?

బామ్మర్ది: నువ్వే నా పని సులువు చేసినవ్. గల్ఫ్ పైసలు ఎక్కడియి? 1973ల చమురు ధర ఎగిరినంక అరబ్బు దేశాలకు వచ్చిన సిరి అది. ఆ దేశాల మిగతా పనులకు మనుషులు కావాల్సి వచ్చిన్రు. కరీంనగర్, నిజామాబాద్ నుంచి, ఇటు మన ఊర్ల నుంచి దుబాయి, సౌదీ, కువైట్ పోయిన్రు. చమురు వాళ్ల నేలల పడ్డది, దాని ఖర్చు మన ఊర్ల కనపడ్డది. ఈ దేశానికి బయట ఉన్నోళ్లు పంపే పైసలు ఏటా 10 వేల కోట్ల డాలర్లు దాటినయ్. చమురు అమ్మినా, మనిషి కష్టం పంపినా, వచ్చిన డాలరు చేసే పని ఒక్కటే: ఇండ్ల ధర, భూముల ధర, కూలి పెంచుతది. కేరళల ఆర్థికవేత్తలు దీని మీద ఏండ్ల తరబడి వాదించుకుంటున్నరు.

బావ: గల్ఫ్ పోయినోని మీద కూడ నింద వేస్తవా? ఇక్కడ పని ఉంటే ఆ ఎండకు ఎందుకు పోతడు? కారణం ముందు, ఫలితం వెనుక. నువ్వు తిప్పి చెప్తున్నవ్. నేతకు గిట్టుబాటు లేక సిరిసిల్లల, వరంగల్‌ల ఎంత కష్టం పడ్డరో నీకు తెల్వదా? మగ్గం ఆగినంకనే చాలామంది బయటికి పోయిన్రు.

బామ్మర్ది: అది కూడ నిజమే. రెండూ ఒకదాన్నొకటి తోసినయ్.

బావ: ఇప్పుడు నేను పాత సంగతి చెప్త, ఇను. మన కాకతీయుల కాలమే తీస్కో. గణపతిదేవుడు 1244ల మోటుపల్లి రేవుల అభయశాసనం వేయించిండు, ఓడ పగిలినా సరుకు యజమానికే చెందుతదని, వ్యాపారులకు భయం లేదని. ఆ తర్వాత మార్కో పోలో ఆ తీరం గురించి రాసిన దాంట్ల రెండు సంగతులు గొప్పగ ఉన్నయ్. ఒకటి వజ్రాలు, రెండోది సాలెగూడంత సన్నటి బట్ట. ఆ రాజ్యం ఏలిందని ఆయన చెప్పిన రాణి మన రుద్రమదేవే అని చరిత్రకారులు అంటరు. వజ్రం, బట్ట ఒకే రాజ్యంల, ఒకే రేవుల. తర్వాత గోల్కొండ కాలంల కృష్ణ ఒడ్డున కొల్లూరు గనిల 60 వేల మంది పనిచేసిన్రని ఫ్రెంచి వజ్రాల వ్యాపారి టావెర్నియే రాసిండు. అదే కాలంల మచిలీపట్నం నుంచి అద్దకం బట్టలు దేశదేశాలకు పోయినయ్. నీ జబ్బుకు పేరిచ్చిన ఆ డచ్చోళ్లే 1605–06 నాటికి మచిలీపట్నం వచ్చి కూసున్నరు. దేనికోసం? మన బట్ట కోసం. వజ్రాల సిరి బట్టను చంపితే వాళ్లు ఎందుకు వచ్చేటోళ్లు?

బామ్మర్ది: మంచి ప్రశ్న. జవాబు కూడ టావెర్నియే రాతలనే ఉన్నది. రావుల్‌కొండ అనే ఇంకో వజ్రాల గనిల పనితనం ఉన్నోనికి కూడ ఏడాదికి మూడు వరహాలే వచ్చేవని రాసిండు. పెద్ద రాళ్లు సుల్తానుకు, లాభం గుత్తేదార్లకు, వ్యాపారులకు. గని కూలోని చేతిల ఖర్చు పెట్టే పైసలే లేవు. ఊర్ల ధరలు పెరిగేందుకు, నేతగాని కూలి పెరిగేందుకు ఆస్కారమే లేదు. అందుకే బట్ట చవకగ ఉండి బయటికి పోయింది.

బావ: ఆగు. అంటే కూలోళ్లు పేదగ ఉన్నంత కాలం ఎగుమతి బాగుంటది, వాళ్ల చేతికి పైసలు వస్తే చెడిపోతది, అంతేనా? ఇదేనా నువ్వు కాలేజీల చెప్పేది? సింగరేణి కార్మికుడు కొట్లాడి జీతం పెంచుకున్నడు. దాన్ని చూసి చుట్టుపక్కల కూలి పెరిగింది. నీ మగ్గం ఆ కూలి ఇయ్యలేకపోతే అది మగ్గం లోపం, గని పాపం కాదు. తక్కువ కూలి మీద నిలబడ్డ ఎగుమతి గొప్పది కాదు.

బామ్మర్ది: ఈ మాట నా వాదంల సగాన్ని కొట్టేసింది, ఒప్పుకుంట. కూలి పెరగొద్దని నేను ఎప్పుడూ అనను. ఎక్కువ కూలి ఇచ్చి కూడ నిలబడాలంటే మగ్గానికి ఏం కావాలె, అది ఎవరు ఇయ్యాలె అన్నదే నా ప్రశ్న. కాని నువ్వు చెప్పిన కొల్లూరు సంగతినే చివరి దాకా చూద్దాం. 1720ల ప్రాంతంల బ్రెజిల్‌ల వజ్రాలు దొరికినయ్. మన గుత్తాధిపత్యం పోయింది. గనులు ఒట్టిపోయినయ్. ఇప్పుడు కొల్లూరు పులిచింతల రిజర్వాయర్ నీళ్ల కింద ఉన్నది. మరి ఆ బట్ట? మచిలీపట్నం దగ్గరి పెడనల ఇప్పటికీ కలంకారీ అద్దుతున్నరు, అమ్ముతున్నరు. ఎన్నో దెబ్బలు తిన్నా చేతిపని మిగిలింది. గని సొమ్ముకు రెండు ఆపదలు: లోపల తరిగిపోవుడు, బయట ఇంకోకాడ దొరుకుడు. పనితనం తవ్వినకొద్దీ తరిగేది కాదు, చేసినకొద్దీ పెరిగేది.

బావ: అందుకే అంటున్న, గని ఉన్న దేశమల్లా చెడలేదని. ఇండోనేషియా చూడు. 1970లల్ల చమురు మీద బాగ సంపాదించింది. 1978 నవంబర్‌ల తన రూపియా విలువను తనే తగ్గించుకున్నది, డాలరుకు 415 ఉన్నదాన్ని 625 చేసింది. ఎందుకు? చమురు కాని సరుకు బతకాలని. ఆ పైసలు ఎరువుల ఫ్యాక్టరీలకు, కాలువలకు పెట్టింది. ఒకప్పుడు బియ్యం దిగుమతి చేసుకున్న దేశం 1980ల నడుమకు తన బియ్యం తను పండించుకున్నది. నార్వే చూడు. 1969ల సముద్రం కింద చమురు బయటపడ్డది. 1990ల చట్టం చేసి ఒక నిధి పెట్టిన్రు, 1996ల మొదటి సొమ్ము వేసిన్రు. ఆ నిధిని మొత్తం బయటి దేశాలల్లనే పెట్టుబడి పెడ్తరు, సొంత ఊర్ల ధరలు ఎగరొద్దని. దాని మీద వచ్చే రాబడిల కొంత భాగమే ఏటా వాడుకుంటరు. అంతెందుకు, నీ నెదర్లాండ్స్ ఏమైంది? 1982ల వాసెనార్ అనే ఊర్ల కార్మిక సంఘాలు, యజమానులు కూసొని ఒప్పందం చేసుకున్నరు. ఆ దేశం చావలేదు. ఇయ్యాల వ్యవసాయ సరుకు ఎగుమతిల అది ప్రపంచంల ముందు వరుసల ఉన్నది. గ్రోనింగెన్‌ల మాత్రం తవ్వి తవ్వి భూమి అదిరింది, ఇండ్లు పగిలినయ్, 2023ల గ్యాస్ తీసుడు ఆపిన్రు.

బామ్మర్ది: నువ్వు బాగుపడ్డోళ్లను చూపిస్తున్నవ్. నైజీరియాను కూడ చూడు. 1956ల ఒలోయిబిరిల చమురు పడ్డది. అంతకు ముందు కానో పట్నంల వేరుశనగ బస్తాలు గోపురాల్లెక్క పేర్చేటోళ్లు, ఫొటోలు ఇప్పటికీ ఉన్నయ్. కోకో, పామాయిలు ఓడలెక్కేవి. 1970లల్ల చమురు పైసలు వచ్చినంక నైరా విలువను ఎక్కువగ పట్టుకొని కూసున్నరు. బయటి తిండి చవకైంది, రైతు పంటకు ధర రాలేదు, ఊర్లు విడిచి లాగోస్ పోయిన్రు. ఆ గోపురాలు మాయమైనయ్. 1980లల్ల చమురు ధర పడ్డనాడు తిరిగి పోదామంటే వేరుశనగ లేదు, కోకో తోట ముసలిదైంది. నైజీరియా రైతుకు పని రాదని కాదు, పని చేసే తొవ్వ మూసుకున్నది. ఆస్ట్రేలియా చూడు. ఇనుము, బొగ్గు చైనాకు అమ్మి 2011ల వాళ్ల డాలరు అమెరికా డాలరును దాటింది. 2017ల టొయోటా, హోల్డెన్ కార్ల ఫ్యాక్టరీలు అక్కడ చివరి కారు తీసి మూసేసినయ్. గని ఒక్కటే కారణం కాకపోవచ్చు, అది వేసిన దెబ్బ మాత్రం చిన్నది కాదు.

బావ: ఇద్దరం కలిసి ఒకే మాట చెప్తున్నం అనిపిస్తున్నది. నైజీరియాను ఇండోనేషియాను పక్కపక్కన పెడితే రెండింటికీ చమురు ఉన్నది. తేడా పైసలు పట్టుకున్న చేతుల ఉన్నది.

బామ్మర్ది: అక్కడి దాకా కలుస్తం. ఇక్కడ విడిపోతం: నువ్వు "మంచిగ వాడుకుంటే చాలు" అంటవ్. నేను "గడువు ఉన్నది" అంటున్న. చేతిపని ఎట్ల పెరుగుతదో నీకు తెల్సు. దర్రీ అంచు వంకర పోకుండ నేసుడు పుస్తకంల నేర్చుకునేది కాదు. పెద్దాయన పక్కన కూసొని, అచ్చు ఎంత బలంగ కొట్టాల్నో, పోగు ఎంత బిగువు పట్టాల్నో చేతికి అలవాటు కావాలె. ఒక తరం ఆగితే నేర్పేటోడు ఉండడు. ఫ్యాక్టరీ సంగతి కూడ అంతే. చేస్తూ నేర్చుకుంటరు, నేర్చుకుంటూ చవకగ చేస్తరు. ఆజంజాహి మిల్లు మూసినప్పుడు వేల మంది పనితనం చెదిరిపోయింది. ఇప్పుడు సంగెం, గీసుగొండల కాకతీయ మెగా టెక్స్‌టైల్ పార్కు వచ్చింది, 2017ల పునాది రాయి వేసిన్రు, సంతోషం. కాని పత్తి పండే జిల్లాల, ఎనుమాముల మార్కెట్ ఉన్న ఊర్ల, పదిహేనేండ్లు మధ్యల ఖాళీ పోయింది. గని సిరి ఉన్నప్పుడు "తర్వాత చూద్దాం" అనుకున్న ప్రతి దేశం ఈ ఖాళీకే బలైంది. గని పోయినంక పనితనం కొనుక్కోలేం.

బావ: సరే, మరి మన చేతిల ఉన్న మందు ఏంది? రూపాయి విలువ వరంగల్‌ల నిర్ణయించరు. నార్వే లెక్క నిధి పెట్టేందుకు మనం దేశం కాదు, జిల్లా.

బామ్మర్ది: మన చేతిల కూడ ఒకటి ఉన్నది. బొగ్గు మీద నూటికి 14 రాయల్టీ రాష్ట్రానికి వస్తది. దాని మీద అదనంగ, 2015ల గనుల చట్టం మార్చి జిల్లా మినరల్ ఫౌండేషన్ పెట్టిన్రు. పాత లీజులైతే రాయల్టీల నూటికి 30 దాకా ఆ నిధికి కట్టాలె. దాన్ని వాడాల్సిన పనులల్ల నైపుణ్య శిక్షణ కూడ రాసి ఉన్నది. నేను అడిగేది ఇంతే: ఆ సొమ్ముల ప్రతి ఏడూ ఒక వాటా బయటికి అమ్ముడుపోయే పనికి పెట్టాలె. అందరూ కలిసి వాడుకునే అద్దకం షెడ్డు, మురుగు శుద్ధి చేసే ప్లాంటు, రంగు పోతదా లేదా పరీక్ష చేసే ల్యాబు, కొత్త డిజైన్లు. 2018ల వరంగల్ దర్రీకి భౌగోళిక గుర్తింపు వచ్చింది. కాయితం వచ్చింది, కాయితానికి తగ్గ బజారు రావాలె.

బావ: ఇక్కడ నేను గట్టిగ అడ్డం పడ్త. 2016ల జిల్లాలు విడగొట్టినంక గనులు భూపాలపల్లికి పోయినయ్, మగ్గాలు వరంగల్‌ల ఉన్నయ్. దుమ్ము పీల్చేది భూపాలపల్లి మనిషి. బోర్లు ఎండేది ఆ ఊర్లల్ల. బాంబులు పేలితే గోడలు పగిలేది అక్కడ. మట్టి గుట్టల కింద పొలం పోయింది వాళ్లది. వాళ్ల నీళ్లకు, వాళ్ల దవాఖానకు పెట్టాల్సిన పైసలు తెచ్చి నీ దర్రీకి పెట్టుమంటే ఒప్పుకోను. ఆ సొమ్ము మీద మొదటి హక్కు తవ్విన నేల మీద ఉన్నోళ్లది.

బామ్మర్ది: మొదటి హక్కు వాళ్లదే, అందుల వాదం లేదు. నీళ్లు, దవాఖాన ముందు. ఆ తర్వాత మిగిలేదాన్ని కమ్యూనిటీ హాలుకు, కమానుకు, కాంపౌండ్ గోడకు పెడ్తున్నమా, పనికి పెడ్తున్నమా అని చూడుమంటున్న. ఆ పని దర్రీయే కావాలని లేదు. భూపాలపల్లి పిల్లలకు అక్కడనే ఒక పని నేర్పు, బయట బజారుల నిలబడే పని. ఇక నా దర్రీకి కావాల్సింది జిల్లా నిధి నుంచి కాకుండ, రాష్ట్రానికి వచ్చే రాయల్టీ నుంచి అడుగుత. ఆ రాయల్టీ అన్ని జిల్లాలది.

బావ: ఇట్ల అడిగితే న్యాయంగ ఉన్నది. ఇంకొకటి కలుపు. కరీంనగర్ గ్రానైటు చూడు. ట్యాన్ బ్రౌన్ రాయి బండలకు బండలే కాకినాడ రేవు నుంచి చైనాకు పోతది. కోసుడు, మెరుగు పెట్టుడు అక్కడ. గుట్ట మనది పోయింది, పనితనం వాళ్లకు పెరిగింది. సొమ్ము దుర్వినియోగం ఒక్కటే కాదు, తవ్విన దాన్ని అట్లనే పంపుడు కూడ నువ్వు చెప్పే జబ్బే.

బామ్మర్ది: దాన్ని నేను మర్చిపోయేటోన్ని కాదు గాని, నువ్వు నాకన్న బాగ చెప్పినవ్. రాయి అమ్మితే ఒక్కసారి పైసలు వస్తయ్. రాయిని చెక్కే చేతులు తయారైతే గుట్ట అయిపోయినంక ఇంకో ఊరి రాయి తెచ్చి చెక్కుతరు. రాజస్థాన్‌ల, గుజరాత్‌ల అది చూస్తున్నం. సూరత్‌ల వజ్రం దొరకదు, అయినా ప్రపంచంల పుట్టిన వజ్రాలల్ల ఎక్కువ భాగం అక్కడికే సానకు వస్తయ్. వజ్రం దొరికిన కొల్లూరు నీళ్ల కింద ఉన్నది, సాన నేర్చిన సూరత్ నడుస్తున్నది. ఇంతకన్న పెద్ద పాఠం నాకు తెల్వదు.

బావ: ఈ మాటకు నేను తల ఊపుత. సింగరేణికి కూడ గడువు ఉన్నది. పాత గనులు ఒక్కొక్కటి మూస్తున్నరు. కంపెనీయే సోలార్ ప్లాంట్లు పెడ్తున్నది. లోకం బొగ్గు తగ్గించాలని మాట్లాడుతున్నది. బొగ్గు ఆగిననాడు గోదావరిఖని, మందమర్రి, భూపాలపల్లి ఏం చేసి బతుకుతయ్ అని మా సంఘంల మేమే ప్రశ్న వేసుకున్నం. అయినా నా షరతు ఒక్కటి మారదు. మగ్గం పేరు చెప్పి కూలి తొక్కిపెట్టొద్దు. గని కార్మికునికి వచ్చిన జీతం, వైద్యం, పింఛను చూసి నేతగాని కొడుకు ఆశపడ్డడంటే, నేతల కూడ అవి ఉండాలె. చవక కూలి మీద డాలర్లు తెచ్చే ఎగుమతి నాకొద్దు.

బామ్మర్ది: నాకు కూడ వద్దు బావా. తక్కువ కూలితోటి పోటీ పడేందుకు ఇంకా పేద దేశం ఎప్పుడూ ఒకటి దొరుకుతది, ఆ పందెంల గెలిచినా ఓడినట్టే. ఎక్కువ కూలి ఇచ్చుకుంట కూడ అమ్ముడుపోవాలంటే రంగు గట్టిగుండాలె, డిజైన్ కొత్తగుండాలె, సరుకు చెప్పిన నాటికి ఓడెక్కాలె. వాటికి ముందుగాల పెట్టుబడి కావాలె, అది నేతగాని ఇంట్ల లేదు, నా దుకాణంల లేదు. గని సిరిల ఉన్నది, అదీ గని నడిచినన్ని రోజులే. రాయల్టీల ఎంత వాటా చేతిపనికి, ఫ్యాక్టరీ పనికి, చదువుకు పోయిందో ప్రతి ఏడు బడ్జెట్ల ఒక పద్దు కింద చూపించుమని అడగాలె. అడిగేటప్పుడు గని కార్మికుడు, నేతగాడు ఒక్క దిక్కు నిలబడాలె.

బావ: ఆ అర్జీ మీద ముందుగాల నేను సంతకం పెడ్త. తవ్వి సంపాదించినోని సంతకం ఉంటేనే ఆ మాటకు బరువు ఉంటది.